మంగు

కావలి ట్రంకు రోడ్డులో మెట్లెక్కి రావాలి మా పార్లరుకి.
అద్దం చుట్టూ పన్నెండు బల్బులు, రెండు మాడిపోయినయి.
ఊళ్ళో ఎందరి మొహాల మీదో మంగు తుడిచిన చెయ్యి నాది.
ఆరో నెల పడంగానే ఒక పొద్దున
నా మొహం మీదే వచ్చి కాపరం పెట్టిందది,
రెండు చెంపల మీదా, పై పెదవి మీదా
ఎవురో డికాక్షన్లో వేలు ముంచి అద్దినట్టు.

"ఆడపిల్లే. తల్లి అందం లాక్కుంటది" అనింది మా అత్త మస్తానమ్మ.
"కాదు, మగపిల్లోడే" అనింది మెట్ల కింద పూలమ్మే కోటేశ్వరి.
మా మాల్యాద్రి దగ్గరికొచ్చి చూసి
"మసి అంటినట్టుందే, కడుక్కో" అన్నాడు.

అల్మరా నిండా మందులే, నాకేం తక్కువ?
రాత్రిపూట రాసే క్రీము, మూడు వారాల్లో తెల్లబరిచే ట్యూబు,
మద్రాసు నుంచి వచ్చే పేరు లేని తెల్ల డబ్బా.
అన్నీ సంచిలో వేసుకుని నెల్లూరు బస్సెక్కినా.
పొగతోటలో డాక్టరమ్మ శైలబాల
నా కడుపు చూసినంత ఓర్పుగా
డబ్బాల వెనకున్న సన్నక్షరాలు చదివింది.
మొలగొలుకుల్లో మట్టిబెడ్డలు ఏరినట్టు
ఒక్కోటీ పక్కకు తీసింది.

"రెటినాల్ వద్దు. ఈ తెల్లబరిచేదీ వద్దు.
ఈ పేరు లేనిదుంది చూడు,
ఇది నీకే కాదు, ఎవరికీ రాయబాక."

అడుగున మిగిలినయి రెండే:
జింకు కలిసిన సన్‌స్క్రీను, వాసన లేని మాయిశ్చరైజరు.
"గొడుగేది?" అనింది.
రోహిణి కార్తెలో వట్టి చేతుల్తో వచ్చినదాన్ని,
బడికి పలక మర్చిపోయి వచ్చిన పిల్లలా నిలబడ్డా.

"కాన్పయినాక చానా మటుకు అదే పోతది.
పోకుంటే అప్పుడు చూద్దాం. తొందరేముంది?
పొట్ట మీద చారలకు నూనె రాసుకో,
చారలు పోవు, దురద తగ్గుద్ది.
అరచేతులూ అరికాళ్ళూ రాత్రిళ్ళు మరీ దురద పెడితే మాత్రం
నూనె రాసుకుంటా కూర్చోబాక, పరిగెత్తుకు రా."

వారం తిరక్కుండా అల్లూరు నుంచి ఒకమ్మి వచ్చింది.
చెంచులత. రేపు సీమంతం.
"బ్లీచ్ చెయ్యక్కా, ఫోటోల్లో తెల్లగా పడాల."
గిన్నెలో పొడి వేసినా, పుల్ల కూడా పట్టుకున్నా.
ఆ ఘాటు ముక్కుకి తగిలినాక
చెయ్యి కదల్లా.

తొమ్మిదేళ్ళు.
ఈ కుర్చీలో కూర్చున్న ఒక్కరినన్నా
"నెలలా అమ్మా?" అని అడిగిన పాపాన పోలా.
చీర కుచ్చిళ్ళ కింద ఎన్ని నెలలు దాచుకుని కూర్చున్నారో.
ఆ లెక్క ఇప్పుడెవరు తీస్తారు?

"బ్లీచొద్దుమ్మే" అన్నా.
పెసరపిండి కలిపి నెమ్మదిగా కడిగినా.
తలకి నూనె పెట్టి జడేసినా.
కనుబొమ్మలకి దారం ఎంత లాగినా పర్లేదు,
ఏడిస్తే ఏడువు అన్నా. నవ్వింది.
గల్లా దగ్గర వరూధిని మేడం
పోయిన మూడొందల్ని కళ్ళతోనే లెక్కపెట్టింది.

దారం పళ్ళతో పట్టుకుని ఆ పిల్ల మీదికి వంగితే
నా పొట్ట దాని భుజానికి తగిలింది.
లోపల్నుంచి ఒక్క తన్ను.
"అక్కా, ఎవురో నన్ను తోశారు!"
దారం తెగింది. ఇద్దరం అద్దంలోకి చూస్తే
పది బల్బుల కింద రెండు మంగు మొహాలు,
ఒకదాని మీద ఒక కనుబొమ్మే అయింది.

తెల్ల డబ్బాలు మేడం పారెయ్యలా.
పై అరలోకి మార్చింది.
కుర్చీ ఎక్కితే గాని అందవు,
నేనిప్పుడు కుర్చీ ఎక్కలేను.
కానీలే.
మూడు నెల్లేగా.